మన ఫోను, మన అదుపు – 4వ పాఠం: అత్యవసరమైనది మాత్రమే మోగాలి

గత పాఠంలో అక్కర్లేని యాప్‌ల నోటిఫికేషన్లను పూర్తిగా ఆపేశాం. అసలు చిక్కు ఇప్పుడు మొదలవుతుంది. బ్యాంకు యాప్‌నే తీసుకోండి. ఖాతాలోంచి డబ్బు పోతే ఆ క్షణమే తెలియాలి. రుణం ఇస్తామనే ప్రకటన ఎప్పటికీ కనబడకపోయినా నష్టం లేదు. రెండూ ఒకే మోతతో వస్తుంటే కొన్నాళ్లకు రెండింటినీ చూడకుండానే పక్కకు తోసేస్తాం. నన్ను భయపెట్టేది ఆ అలవాటే.

2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి దీనికి మంచి ఏర్పాటు ఉంది. యాప్ తన నోటిఫికేషన్లను రకాలుగా విడగొట్టి చూపాలి. ఏ రకం మోగాలో, ఏది చప్పుడు లేకుండా ఉండాలో తేల్చేది మనమే. వచ్చిన నోటిఫికేషన్‌ను కాసేపు నొక్కి పట్టుకుని, పక్కనున్న సెట్టింగ్స్ గుర్తును తాకండి. రకాల జాబితా వస్తుంది. లావాదేవీలను మోగనివ్వండి, ఆఫర్లను ఆపేయండి. కొన్ని సామ్‌సంగ్ ఫోన్లలో ఈ జాబితా దాగి ఉంటుంది. నోటిఫికేషన్ల అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేసుకోవాలి. అన్నిటినీ ఒకే రకం కింద కలిపేసే యాప్‌లూ ఉన్నాయి. వినియోగదారుడిపై గౌరవం లేని పని అది.

ఇక రాత్రి సంగతి. కాల్స్, నోటిఫికేషన్ల మోతను ఆపే డు నాట్ డిస్టర్బ్ పెడితే ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు కాల్ చేసినా మన ఫోను మోగదేమోనని చాలామంది దాని జోలికే వెళ్లరు. ఆ భయం అక్కర్లేదు. కాంటాక్ట్స్‌లో వాళ్ల పేర్లకు నక్షత్రం గుర్తు పెట్టి, డు నాట్ డిస్టర్బ్ సెట్టింగ్స్‌లో నక్షత్రం ఉన్నవారి కాల్స్‌ను అనుమతించండి. అక్కడే ‘రిపీట్ కాలర్స్’ కూడా ఆన్ చేయండి. ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే ఫోను మోగుతుంది. ఆసుపత్రి నుంచో, పొరుగింటి నుంచో తెలియని నంబరుతో ఎవరైనా ప్రయత్నించినా మనకు అందుతుంది.

అన్నీ సరిగ్గా పెట్టినా కబురు ఆలస్యంగా వస్తోందా? బ్యాటరీ ఆదా కోసం ఫోను ఆ యాప్‌ను నిద్రపుచ్చి ఉండవచ్చు. యాప్ సమాచారంలో బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ ఎంచుకోండి. నిజంగా అత్యవసరమైన ఒకటి రెండు యాప్‌లకే ఈ వెసులుబాటు ఇవ్వండి. లేకపోతే ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది.

అభ్యాసం: ఈ రాత్రి డు నాట్ డిస్టర్బ్ పెట్టి, నక్షత్రం లేని నంబరు నుంచి ఇంట్లోవాళ్లతో వెంటవెంటనే రెండుసార్లు కాల్ చేయించండి. మొదటిది మోగకూడదు, రెండోది మోగాలి. ఐఫోన్‌లో ఇదే పని ఎలా చేయాలో 5వ పాఠంలో చూద్దాం.