స్పినోజా వెలి చూడాలంటే ఎస్నోగాతో మొదలుపెట్టకండి

ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఆమ్‌స్టెల్‌వేన్‌లో మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా పడవ షికారు, చీజ్ కొట్లు అయ్యాక ఒక పూట నాకివ్వాల్సిందే. పదిహేడో శతాబ్దపు తత్త్వవేత్త స్పినోజాను ఆయన సొంత యూదు సంఘమే వెలివేసిన చోటు చూపిస్తాను. మొదటిసారి మా పెదనాన్నను తీసుకెళ్లి బోల్తాపడ్డాను. పోర్చుగీసు యూదుల ప్రార్థనామందిరం ఎస్నోగాలో నిలబెట్టి "వెలి ప్రకటన చదివింది ఇక్కడే" అన్నాను. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. "ఇది తెరిచింది 1675లో కదరా, వెలేసింది 1656లో అన్నావుగా?" అన్నారు.

కాబట్టి మీరు ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ స్టేషన్ నుంచి మెట్రోలో రెండో స్టేషన్, వాటర్‌లోప్లైన్‌లో దిగండి. ఇప్పుడు పాత సామాన్ల సంత జరిగే ఈ చోట అప్పట్లో హౌట్‌గ్రాఖ్ట్ అనే కాలువ ఉండేది. 1882లో పూడ్చేశారు. ఆ కాలువ ఒడ్డున ఉన్న పాత మందిరంలో 1656 జులై 27న 23 ఏళ్ల కుర్రాడి మీద హేరెమ్, అంటే వెలి, చదివారు.

అసలు పాఠం పోర్చుగీసులో ఉంది. అనువాదం ముందే ఫోన్‌లో పెట్టుకుని అక్కడే నిలబడి చదవండి. పగలూ రాత్రీ, పడుకున్నా లేచినా శాపమే. అతనితో మాట్లాడకూడదు, ఉత్తరం రాయకూడదు, ఒకే కప్పు కింద ఉండకూడదు, అతను రాసింది చదవకూడదు, నాలుగు మూరల దగ్గరికి పోకూడదు. మనం మల్లెపూలు కొలిచే మూరే. మా పెదనాన్న గాల్లో చేత్తో నాలుగు మూరలు కొలిచి, "మన ఊళ్లల్లో వెలేస్తే నిప్పూ నీళ్లూ ఇవ్వరే, అట్లాంటిదే" అన్నారు. అతని తప్పేమిటో మాత్రం అందులో విడమరచి లేదు. చెడ్డ అభిప్రాయాలు, ఘోరమైన మతవిరోధాలు అని, అంతే.

ఇక్కడే ఇంకో సంగతి కూడా చెప్పండి, లేకపోతే వెలివేసినవాళ్లు ఉత్త రాక్షసుల్లా కనిపిస్తారు. ఆ యూదు కుటుంబాలు స్పెయిన్, పోర్చుగల్‌లలో బలవంతంగా క్రైస్తవులై, ఇంక్విజిషన్ అనే చర్చి విచారణలకు భయపడి పారిపోయి వచ్చినవి. క్రైస్తవాన్ని ఏమీ అనకూడదని నగరం షరతు పెట్టింది. ఆ టెన్షన్ వాళ్లను వదల్లేదు. ఆ భయంతో చేసిందంతా ఒప్పని నేననను. స్పినోజాకు ముందు, మతాన్ని ప్రశ్నించిన ఉరియెల్ ద కోస్టాను ఇదే సంఘం వెలివేసింది. తిరిగి చేర్చుకోవడానికి 39 కొరడా దెబ్బలు కొట్టి, గడపలో పడుకోబెట్టి దాటుకుంటూ పోయారు. 1640లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు.

తర్వాత సిటీ హాలు పక్కన జ్వానెన్‌బుర్గ్‌వాల్ ఒడ్డుకు నడవండి. 2008లో పెట్టిన స్పినోజా కంచు విగ్రహం ఉంటుంది. అంగీ నిండా పిచ్చుకలు, రామచిలకలు. మన రామచిలకలే, ఎక్కడినుంచో వచ్చి ఈ ఊరి పార్కుల్లో స్థిరపడిపోయాయి. పిల్లలుంటే లెక్కపెట్టమనండి, మీకు పది నిమిషాలు తెరిపి.

ఎస్నోగా చివర్లో. శనివారం మూసి ఉంటుంది. చలికాలమైతే కోటు విప్పకండి, లోపల హీటర్లు లేవు, కరెంటు దీపాలూ లేవు, కొవ్వొత్తులే. నేల మీద ఇసుక. బెంచీ మీద కూర్చుని మిగతా కథ చెప్పండి. వెలి ఎత్తేద్దామా అని సంఘంలో చర్చ జరిగితే, ఆయన తన మాటలు వెనక్కి తీసుకోలేదు కాబట్టి కుదరదని 2013లో సంఘపు ప్రధాన రబ్బీ, అంటే మతగురువు, తేల్చారు. 2021లో స్పినోజా మీద పరిశోధన చేసే ఒక ప్రొఫెసర్ ఇక్కడ చిత్రీకరణకు అనుమతి అడిగితే, మీరు రావడానికి వీల్లేదని రబ్బీ ఉత్తరం రాశారు. 365 ఏళ్ల తర్వాత!

ఇంకో పూట దొరికితే రైల్లో హేగ్ వెళ్లండి, గంటలోపే. నూవె కెర్క్ చర్చి వెనక స్పినోజా సమాధి దగ్గర ఒక నల్లరాయి మీద హీబ్రూలో మూడే అక్షరాలుంటాయి, అమ్‌ఖా. "నీ జనం" అని. వెలికి 300 ఏళ్లు నిండిన 1956లో పెట్టారు.