స్టోరేజ్ సర్వర్‌కు క్యాష్ చేర్చే ముందు జాగ్రత్తలు

క్యాష్ అంటే డిస్కుల కన్నా వేగంగా పనిచేసే తాత్కాలిక నిల్వ; ర్యామ్‌లోనో ఎస్‌ఎస్‌డీ మీదో ఉంటుంది. అన్నిటికంటే ముందు బ్యాకప్. అందులోంచి రెండు ఫైళ్లు నిజంగా తిరిగి తెరుచుకుంటున్నాయో చూశాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

నెట్‌వర్క్‌ను కొలవండి. 1 గిగాబిట్ కేబుల్ మీద సెకనుకు సుమారు 110 మెగాబైట్లే వస్తాయి. పెద్ద ఫైలును ఒక్క హార్డ్‌డిస్కే అంతకన్నా వేగంగా చదవగలదు. కాపీ వేగం ఆ అంకె దగ్గరే నిలిచిపోతుంటే ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ పెట్టినా ఫలితం ఉండదు.

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడేవారు మొదట ర్యామ్ పెంచండి. దాని ప్రధాన క్యాష్ అయిన ఏఆర్‌సీ ఉండేది అక్కడే. ఎస్‌ఎస్‌డీ మీద పెట్టే ఎల్‌2ఏఆర్‌సీ కూడా తనలోని ప్రతి బ్లాకు ఆచూకీని ర్యామ్‌లోనే దాచుకుంటుంది. ర్యామ్ చాలనిచోట దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. కొన్న తర్వాత బాధపడే బదులు, ఏఆర్‌సీ హిట్ శాతాన్ని, అంటే అడిగిన డేటాలో ఎంత భాగం ఆ క్యాష్‌లోనే దొరుకుతోందో, ఒక వారం గమనించండి.

రాసే డేటాను డిస్కులకు చేరేలోపు పట్టి ఉంచే రైట్ క్యాష్ విషయంలో రాజీ వద్దు. ఒక్క ఎస్‌ఎస్‌డీ పెట్టి అది చెడిపోతే, డిస్కులకు ఇంకా చేరని డేటా పోయినట్టే. రెండింటిని మిర్రర్‌గా, అంటే రెండింట్లోనూ ఒకే డేటా ఉండేలా పెట్టండి. కరెంటు పోయినా డేటాను కాపాడే రకమే ఎంచుకోండి. ఆ ఆఖరి క్షణంలో రాత పూర్తిచేయడానికి వాటి బోర్డు మీద వరుసగా కెపాసిటర్లు ఉంటాయి. రాత మన్నికను తెలిపే టీబీడబ్ల్యూ అంకెనూ చూడండి.

జెడ్‌ఎఫ్‌ఎస్ రాతల చిట్టాను విడిగా ఉంచే ఎస్‌లాగ్ డిస్కు సింక్ రాతలకు, అంటే డేటా భద్రంగా చేరిందని తేలేదాకా ఆగే రాతలకు మాత్రమే పనికొస్తుంది. మామూలు ఫైల్ కాపీలకు అనవసరం.

జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఫైళ్ల వివరాలను (మెటాడేటాను) దాచే స్పెషల్ వీడెవ్‌ను క్యాష్ అనుకోకండి. అది పోతే పూల్, అంటే డిస్కులన్నీ కలిసిన నిల్వ, మొత్తం పోతుంది.