హాఫ్‌స్టెడ్ స్కోర్లతో రెండు దేశాల్ని పోల్చడం ఎలా: జపాన్, స్వీడన్ ఉదాహరణగా

రెండు దేశాల సంస్కృతుల మీద రిపోర్టు రాయమంటే ఎక్కువమంది చేసేది ఒకటే. హాఫ్‌స్టెడ్ స్కోర్లు చూపించే సైటు తెరిచి, దేశాల పేర్లు కొట్టి, వచ్చిన బార్ చార్టుని అతికించి, కింద "ఇక్కడ ఇది ఎక్కువ, అక్కడ అది తక్కువ" అంటూ ఆరు పేరాలు లాగించేస్తారు. చార్టులో కనబడేదాన్నే మళ్లీ మాటల్లో చెప్తే చదివేవాళ్లకి ఒరిగేదేం లేదు. స్కోరు చూశాక "ఎందుకిలా" అని అడగడంతో అసలు పని మొదలవుతుంది. జపాన్, స్వీడన్ తీసుకుందాం, తేడాలు పెద్దవి కాబట్టి పట్టుకోవడం తేలిక.

ముందు ఈ అంకెలు ఎక్కడివో తెలియాలి. డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్, 1967 నుంచి 1973 దాకా ఐబీఎం ఉద్యోగుల దగ్గర తీసుకున్న లక్షకు పైగా సర్వే ఫారాల్ని విశ్లేషించి, 1980లో నాలుగు కొలతలు బయటపెట్టాడు: అధికార దూరం (పైవాళ్లకీ కిందివాళ్లకీ మధ్య తేడాని జనం ఎంత మామూలుగా తీసుకుంటారనేది), వ్యక్తివాదం, పురుషత్వం, అనిశ్చితి అంటే ఉండే జంకు. దీర్ఘకాలిక దృష్టి 1991లో, సరదాలకు సమాజం ఎంత వీలిస్తుందనేది 2010లో చేరాయి. అందరూ ఒకే కంపెనీ వాళ్లు కాబట్టి కనబడే తేడా దేశానిదేనని ఆయన వాదన. ఒక్క కంపెనీ ఉద్యోగుల్ని చూసి దేశం మొత్తం ఇంతే అని ఎలా అంటారని విమర్శకుల వాదన. నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది, అయినా మొదలుపెట్టడానికి ఇంతకంటే సులువైన చోటు లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, స్కోరు దేశం మొత్తానికి సగటు. "అనిశ్చితి కొలతలో జపాన్ స్కోరు 92, కాబట్టి జపాన్ క్లయింట్ రిస్కు తీసుకోడు" అని రాశారో దొరికిపోయినట్టే.

ఆరింటికీ సమానంగా చోటు ఇవ్వకండి. పురుషత్వంలో జపాన్ 95, స్వీడన్ 5. అనిశ్చితిలో 92, 29. మిగతా నాలుగింట్లో తేడా ఇంత లేదు. కాబట్టి రిపోర్టులో సగం పైనే ఈ రెండిటికి పోవాలి.

పురుషత్వం అనగానే ఆడ, మగ అని రాసేయకండి. పోటీ, గెలుపు, పేరు ముఖ్యమా, లేక తీరిక, పక్కవాళ్ల బాగోగులు ముఖ్యమా అన్నదే ప్రధానంగా ఇక్కడి కొలత (స్కోరు ఎక్కువైతే పోటీ వైపు), ఆడ మగ పాత్రలు ఎంత వేరుగా ఉంటాయనేది అందులో ఒక భాగం. ఇప్పుడు కంటికి కనబడే ఒక విషయం పట్టుకోండి, ఉదాహరణకు పిల్లలు పుట్టినప్పుడు ఇచ్చే సెలవు. స్వీడన్‌లో తల్లిదండ్రులిద్దరికీ కలిపి ఒక బిడ్డకి 480 రోజులు, అందులో చెరో 90 రోజులు ఒకరిది ఇంకొకరికి బదిలీ చేయడానికి లేదు. సరే, జపాన్‌లో సెలవే లేదేమో అనుకుంటాం, కానీ అక్కడా చట్టం తండ్రికి దాదాపు ఏడాది దాకా ఇస్తుంది, చాలా ఏళ్లపాటు వాడుకున్నవాళ్లే బాగా తక్కువ, ఈమధ్యే పెరుగుతున్నారు. చట్టం రాసి ఉన్నా ఆఫీసులో అడగడానికి మొహమాటం. మీరు రాయాల్సింది ఇదీ. 95, 5 అనే అంకెలు అందరి రిపోర్టుల్లోనూ ఉంటాయి.

అనిశ్చితి దగ్గర మరీ జాగ్రత్త. ఇక్కడ హాఫ్‌స్టెడ్ లెక్క మూడు ప్రశ్నల మీద నిలబడింది: పనిలో ఎంత తరచుగా టెన్షన్ పడతారు, కంపెనీ రూల్స్ ఎప్పుడూ మీరకూడదా, ఇదే కంపెనీలో ఎన్నాళ్లు ఉందామనుకుంటున్నారు. ఇప్పుడు ఇదే అనిశ్చితిని వేరే పరిశోధకులు 62 సమాజాల్లో కొలిచిన గ్లోబ్ అధ్యయనం తెరిచి చూడండి, వరస తిరగబడుతుంది. అందులో "ఇప్పుడు ఎలా ఉంది" అన్న లెక్కలో స్వీడన్ పైన, జపాన్ కింద. "ఎలా ఉండాలి" అన్న లెక్కలో మళ్లీ జపానే పైన. ఏది తప్పు? ఏదీ కాదు, అడిగిందే వేరు. ఒకరు టెన్షన్‌నీ రూల్స్ మీద పట్టుదలనీ కొలిచారు, ఇంకొకరు సమాజంలో పనులు ఎంత పద్ధతిగా జరుగుతున్నాయని అడిగారు. పద్ధతిగా నడిచే చోట జనానికి కంగారు తక్కువ ఉండొచ్చు కదా. అందుకే రెండు ఫ్రేమ్‌వర్కుల అంకెల్ని ఒకే పట్టికలో కలిపేయొద్దు, రెండో దాన్ని మొదటిదాన్ని సరిచూసుకోవడానికి మాత్రమే వాడండి.

ఆ తర్వాత ఒకే పని రెండు చోట్లా ఎలా జరుగుతుందో వెతకండి, ఎందుకంటే పైకి ఒకేలా కనబడేవి మోసం చేస్తాయి. జపాన్‌లోనూ స్వీడన్‌లోనూ నిర్ణయం తేలడానికి ఆలస్యమవుతుందని అక్కడ పనిచేసినవాళ్లు అంటుంటారు. జపాన్ పద్ధతిలో మీటింగుకి ముందే ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడేస్తారు. ప్రతిపాదన కాగితం కింది ఉద్యోగి దగ్గర మొదలై ముద్రలు వేయించుకుంటూ పైకి వెళ్తుంది, మీటింగ్ నాటికి ఆశ్చర్యపోవడానికి ఏమీ మిగలదు. స్వీడన్‌లో ఆ మాట్లాడుకోవడం మీటింగులోనే, బాస్‌ని పేరు పెట్టి పిలుస్తూ, ఎవరి అభిప్రాయం వాళ్లు చెప్పేదాకా. మొదటి దానికి అనిశ్చితి స్కోరు సరిపోతుంది, రెండో దానికి తక్కువ అధికార దూరం. పైగా జపాన్ అధికార దూరం 54 మాత్రమే. వంగి నమస్కారాలు చూసి చాలా ఎక్కువ ఉంటుందనుకునేవాళ్లకి కింది నుంచి పైకి వెళ్లే ఆ కాగితమే జవాబు.

రాసేటప్పుడు ప్రతి తేడాకీ ఒక కనబడే ఉదాహరణ ఇచ్చి, పక్కనే "ఇది సంస్కృతి కాకపోతే ఇంకేం కావచ్చు" అని ఒక లైను పెట్టండి: చట్టమా, వయసు మళ్లుతున్న జనాభానా, ఆ పరిశ్రమ తీరా. స్కోరు ఏ సంవత్సరానిదో కూడా రాయండి. 2023లో వ్యక్తివాదం స్కోర్లు సవరించారు కాబట్టి ఒక దేశానికి పాతది, ఇంకో దేశానికి కొత్తది తీసుకుంటే అసలు లేని తేడా పుట్టుకొస్తుంది.