పందెం గ్రేహౌండ్‌ను ఇంటికి తెచ్చుకుంటున్నారా, ముందు గేటు చూసుకోండి

గ్రేహౌండ్ కుక్కను దత్తత తీసుకుందామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది తిండి గురించి. నేను మొదట చెప్పేది గేటు గురించి. మా విజయనగరంలో ఇంటి గేట్లు పగలంతా ఓరగానే ఉంటాయి, పాలవాళ్లు, పూలావిడ, గ్యాస్ బండి, ఆడుకునే పిల్లలు, ఎవరో ఒకరు వచ్చిపోతూనే ఉంటారు. మామూలు కుక్క బయటపడితే వీధి చివరిదాకా వెళ్లి వాసన చూసుకుని తిరిగి వస్తుంది. గ్రేహౌండ్‌కు కంట్లో ఏదైనా కదిలితే చాలు, గంటకు 60, 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, ఆ క్షణంలో మీరు ఎంత పిలిచినా దాని చెవికెక్కదు, మీరు చెప్పులేసుకునేలోపు అది రింగ్ రోడ్డు మీద ఉంటుంది. అందుకని కుక్క రాకముందే గేటుకు దానంతటదే మూసుకునే స్ప్రింగ్ పెట్టించండి, కింద సందు ఉంటే మెష్ కొట్టించండి, ప్రహరీ కనీసం ఐదారు అడుగులు లేకపోతే పెరట్లో కూడా తాడు వదలొద్దు. వరండా గ్రిల్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. గ్రిల్ వేశాకే గేటు తీయాలని ఇంట్లో అందరికీ ఒక పద్ధతి పెట్టుకోండి.

మన వైపు గ్రేహౌండ్ అంటే 1989లో పెట్టిన పోలీసు దళమే గుర్తొస్తుంది, శ్రీకాకుళం ఏజెన్సీ దగ్గర పెరిగినవాళ్లకైతే మరీను. కుక్క సంగతి చాలామందికి తెలియదు. పంజాబ్ లాంటి చోట్ల పరుగు పందేల కోసం వీటిని పెంచుతారు, కుందేళ్ల వేటకూ వాడతారు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఆ వేట నేరం. వేగం తగ్గినా, కాలు విరిగినా వదిలేస్తారు. అలా రోడ్డున పడ్డవాటిని కాపాడి, వైద్యం చేయించి, ఇళ్లకు ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఇచ్చేవాళ్లు మీ ఇల్లు చూస్తామన్నా, పదిరకాల ప్రశ్నలు అడిగినా విసుక్కోకండి, అలా అడగనివాళ్ల దగ్గరే మనం అనుమానపడాలి. మీరు కూడా అడగండి: పిల్లిని చూస్తే ఏం చేస్తుంది, పిల్లల మధ్య ఉందా, టీకాల కార్డు ఉందా, పాత గాయాలేమిటి. ముధోల్, కారవాన్, చిప్పిపారై లాంటి మన దేశపు హౌండ్లను తెచ్చుకునేవాళ్లకూ నేను చెప్పేవాటిలో చాలా మటుకు పనికొస్తాయి.

అంత దూరం నుంచి రైల్లో తేవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే (ఇద్దరికి సరిపడే గది) మొత్తం మనకే దొరకాలి, లేదంటే బ్రేక్ వ్యాన్‌లో (గార్డు, సామాన్లు ఉండే పెట్టెలో) డాగ్ బాక్స్. ఎండాకాలంలో డాగ్ బాక్స్ మాత్రం వద్దు, ఈ కుక్క ఆ వేడికి తట్టుకోలేదు. ప్రయాణానికి డాక్టర్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేతిలో ఉంచుకోండి.

ఇక ఇంటికి వచ్చిన రోజు. మన బంధువులకు ఫోన్ చేసి "రండి, చూద్దురు గాని" అనాలనిపిస్తుంది, అనకండి. పుట్టిన దగ్గర్నుంచి షెడ్డులో పెరిగిన కుక్క ఇల్లంటే ఏమిటో ఎరగదు. మెట్లు ఎక్కడం రాదు, అద్దంలో ఇంకో కుక్క కనబడుతుంది, కుక్కర్ విజిల్ వేస్తే గోడకు అతుక్కుపోతుంది. మా గ్రేహౌండ్ మల్లి మొదటి మూడు రోజులు మంచం కింద నుంచి బయటకు రాలేదు, రాత్రి అందరం పడుకున్నాక వచ్చి నీళ్లు తాగేది. నాకు టెన్షన్ పట్టుకుని దగ్గరకు లాక్కుని ముద్దు చేయబోయాను, దాంతో ఇంకో రోజు ఎక్కువ దాక్కుంది. మీరు ఆ పని చేయొద్దు. ఒక గది ఇవ్వండి, మూలన మెత్తటి పరుపో, పాత చీరలతో కుట్టిన బొంతలు రెండు మూడు మడతలుగానో వేయండి (ఎముకల మీద చర్మమే గనుక గచ్చు మీద పడుకుంటే మోచేతులు కాయలు కాస్తాయి), పక్కన నీళ్లు పెట్టి మీ పని మీరు చేసుకోండి. అదే గదిలో కూర్చుని పేపర్ చదువుకోండి, కూరగాయలు తరుక్కోండి, దాని వైపు చూడకండి. అదే వస్తుంది. మూడు రోజులకు భయం తగ్గుతుంది, మూడు వారాలకు ఇంటి వేళలు తెలుస్తాయి, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకుంటుంది, అందరూ చెప్పే ఈ లెక్క దాదాపు నిజమే, కొన్నిటికి ఇంకా ఎక్కువే పడుతుంది.

టైల్స్ మీద దాని కాళ్లు జారతాయి, పందెంలో దెబ్బ తిన్న కాళ్లయితే ఇంకా కష్టం. అది తిరిగే దారిలో కొబ్బరిపీచు పట్టాలో గోనెసంచులో పరచండి. లేవగానే, తిన్నాక, ఆ తర్వాత రెండు మూడు గంటలకోసారి బయటకు తీసుకెళ్తే ఇల్లు పాడుచేయకుండా తొందరగానే నేర్చుకుంటుంది. ఒకటి మాత్రం పిల్లలకు గట్టిగా చెప్పండి: పడుకున్న గ్రేహౌండ్‌ను ముట్టుకోకూడదు. కొన్ని కళ్లు తెరిచే నిద్రపోతాయి, మెలకువగా ఉందనుకుని చెయ్యి వేస్తే ఉలిక్కిపడి కరిచే ప్రమాదం ఉంది. దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి, తల ఎత్తాకే దగ్గరకు వెళ్లాలి.

తిండి దగ్గర ఇరుగుపొరుగు మాట మిమ్మల్ని బాధపెడుతుంది. పక్కింటి పిన్ని రోజూ అడిగేది, "ఏటమ్మా, కూడెట్టడం లేదేటి, పక్కటెముకలన్నీ కనపడతన్నాయి" అని. చివరి రెండు మూడు పక్కటెముకలు కనిపించడమే గ్రేహౌండ్‌కు ఆరోగ్యం. నడుం ఎముకలు కూడా పొడుచుకొచ్చి ఉంటే మాత్రం నిజంగా బక్కచిక్కిందని అర్థం, అప్పుడు కూడా ఒక్కసారిగా మేపకండి. వచ్చినచోట ఏం తినేదో అదే కొన్నాళ్లు పెట్టి, వారం పది రోజుల మీద మన తిండి కలుపుతూ రండి. ఉడికించిన చికెన్, అన్నం, గుమ్మడికాయ, గుడ్డు, కొంచెం పెరుగు, రోజుకు రెండు పూటలు. ఉప్పు లేని చోడి (రాగి) అంబలి మా మల్లికి ఇష్టం, కానీ అది తిండికి తోడే తప్ప అదే తిండి కాదు. మిగిలిన పులుసన్నం వేయడం మన ఇళ్లలో అలవాటు. అందులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, రెండూ కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. ఉడికిన కోడి ఎముకలు, ద్రాక్ష, చాక్లెట్ అసలే వద్దు. తిన్న గంట దాకా పరుగులు పెట్టించొద్దు, లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. పొట్ట బిగిసి, వాంతి రాక ఊరికే ఓకరిస్తుంటే తెల్లవారేదాకా ఆగకండి, అర్ధరాత్రయినా డాక్టర్‌ను లేపండి.

డాక్టర్ దగ్గర ఒక సంగతి మీరే ముందు చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో గ్రేహౌండ్‌ను చూసిన డాక్టర్లు తక్కువ. వీటి రక్తం లెక్కలు వేరే. ప్లేట్‌లెట్లు లక్షన్నరకు అటూ ఇటూ ఉన్నా జబ్బు కాదు, థైరాయిడ్ తక్కువ చూపించినా చాలాసార్లు జబ్బు కాదు. ఎర్రకణాల శాతం మాత్రం మిగతా కుక్కల కంటే ఎక్కువ, 50 నుంచి 60 దాటి కూడా ఉంటుంది, అందుకే రిపోర్టులో 40 వచ్చి "నార్మల్" అని రాసి ఉన్నా గ్రేహౌండ్‌కు అది రక్తం తగ్గినట్టే. పిడుదులు ఎక్కువైన మన ఊళ్లలో ఇది చాలా ముఖ్యం, పిడుదుల జ్వరంలో ప్లేట్‌లెట్లూ ఎర్రకణాలూ రెండూ పడిపోతాయి కాబట్టి ఒక్క అంకె చూసి తేల్చకుండా ఆ క్రిమి కోసమే పరీక్ష చేయించమని అడగండి. పశువులకు కొట్టే పిడుదుల మందు అందాజుగా నీళ్లలో కలిపి పూసేస్తుంటారు, అది చేయొద్దు, కుక్కల మందు బరువును బట్టి డాక్టర్‌తోనే రాయించుకోండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేటప్పుడు మత్తుకు థయోపెంటోన్ వాడొద్దని ముందే మాట్లాడుకోండి, ఒంట్లో కొవ్వు లేక, ఆ మందును కాలేయం నెమ్మదిగా కరిగించడం వల్ల మత్తు వదలడానికి చాలాసేపు పడుతుంది. ఆపరేషన్ బాగానే జరిగాక కూడా ఒకటి నుంచి మూడు రోజుల్లోపు కుట్ల దగ్గర రక్తం కారడం వీటిలో ఉంది, కాబట్టి ఆ రోజుల్లో ఊరెళ్లకండి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అంతు తెలియని జబ్బయితే అక్కడికి తీసుకెళ్లడం మంచిది. రేబిస్ టీకా ఏటా వేయించాలి, మున్సిపాలిటీలో రిజిస్ట్రేషన్ చేయించండి.

బయటకు వెళ్లేటప్పుడు మామూలు కాలర్ పనికిరాదు. గ్రేహౌండ్ తల మెడ కంటే సన్నం, వెనక్కి ఒక్క గుంజు గుంజితే కాలర్ ఊడి మీ చేతిలో ఉంటుంది. లాగితే కొంచెం బిగిసే మార్టింగేల్ కాలర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మొదటి నెల దానితో పాటు హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) కూడా వేసి రెండు తాళ్లు పట్టుకోండి. కోళ్లు, మేకపిల్లలు తిరిగే వీధుల్లో బాస్కెట్ మజిల్ (మూతికి తొడిగే బుట్ట) వేయడం క్రూరత్వం కాదు, నోరు తెరిచి వగర్చగలదు, నీళ్లు తాగగలదు. వీధికుక్కలు కొత్త కుక్క మీదకు గుంపుగా వస్తాయి, తెల్లవారుజామున ఒకే దారిలో తిప్పండి, పది పదిహేను రోజులకు అవీ పట్టించుకోవు. ఎండాకాలం ఆరులోపు తిరిగి రావాలి, మళ్లీ పొద్దుగూకి రోడ్డు చల్లారాకే. అరచేతి వెనక భాగం రోడ్డు మీద పెట్టి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి.

ఒంటరిగా ఉండటం కూడా నేర్పాల్సిందే, ఎప్పుడూ తోడు కుక్కలతో పెరిగింది కదా. తలుపు వేసి ఒక నిమిషం, తర్వాత ఐదు, తర్వాత పావుగంట. మొదటి రోజే తాళం వేసి పెళ్లికి వెళ్లిపోకండి.

దసరా, పైడితల్లమ్మ సిరిమానోత్సవం, దీపావళి, నాగులచవితి, వరసగా వచ్చే ఈ రోజుల్లో దానికి లోపలి గదే చోటు, కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, ఎవరో ఒకరు పక్కన ఉండాలి. బాణసంచా మొదలయ్యేలోపే ఒంటికీ రెంటికీ తిప్పేయండి.

ఇన్ని చేసినా గేటు ఎప్పుడో ఒకసారి తెరుచుకుంటుంది. మాకు రెండో వారంలోనే జరిగింది, మేనల్లుడు సైకిల్ లోపల పెడుతుంటే పక్కనుంచి దూరిపోయింది. నేను అరుస్తూ వెనకాల పరిగెత్తాను, అది నేను తరుముతున్నాననుకుని ఇంకా పరిగెత్తింది. గంటన్నర తర్వాత అయ్యకోనేరు గట్టున కనబడింది. అప్పటికి నాకు ఓపిక అయిపోయి గట్టు మీద కూలబడ్డాను, పక్కకు తిరిగి కూర్చుని జేబులో ఉన్న చికెన్ ముక్కల సంచి చప్పుడు చేశాను, మెల్లగా వచ్చి నా భుజానికి ముక్కు ఆనించింది. తరమకండి, కూర్చోండి, లేదా దానికి ఎదురు దిక్కున నాలుగు అడుగులు వేయండి. కాలర్ మీద ఫోన్ నంబర్ రాసిన బిళ్ల ఇంట్లో ఉన్నప్పుడు కూడా తీయకండి, ఒక స్పష్టమైన ఫోటో పాలబ్బాయికీ ఆటో స్టాండు వాళ్లకూ ముందే పంపి ఉంచండి, "కనబడితే పట్టుకోవద్దు, ఎటు వెళ్లిందో ఫోన్ చేయండి చాలు" అని చెప్పి.