కేరళ లాటరీ టికెట్ కొంటే ఏం చూసుకోవాలి

శబరిమల వెళ్ళినప్పుడు మనవాళ్ళు చాలామంది కేరళ లాటరీ టికెట్ కొంటుంటారు కదా, అసలు అదెలా నడుస్తుందో చెప్తా. ఇది ప్రైవేటు వ్యవహారం కాదు, 1967లో కేరళ ప్రభుత్వమే మొదలెట్టింది, లాటరీకి విడిగా ఒక డిపార్ట్‌మెంటే ఉంది.

టికెట్ మీద ముందు రెండు ఇంగ్లీషు అక్షరాల సిరీస్, పక్కన ఆరంకెల నంబర్ ఉంటాయి. ఫస్ట్ ప్రైజ్‌కి సిరీస్, నంబర్ రెండూ కలవాలి, నంబర్ ఒకటే అయ్యి సిరీస్ వేరైతే వచ్చేది కన్సొలేషన్ (ఓదార్పు) ప్రైజ్ మాత్రమే, చిన్న ప్రైజులకైతే చివరి నాలుగంకెలు కలిస్తే చాలు. కొనగానే వెనకాల పేరు, అడ్రస్ రాసి సంతకం పెట్టేయండి, లేకపోతే టికెట్ ఎవడి చేతిలో ఉంటే వాడిదే. తడిపినా చింపినా కష్టమే, ఇరుముడి సామాన్ల మధ్య కుక్కకండి బాబూ!

డ్రా అయ్యాక రిజల్ట్‌ని గెజిట్‌తో (ప్రభుత్వ ప్రకటనల పత్రం) సరిచూసుకుని 30 రోజుల్లోపు క్లెయిమ్ చేయాలి. చిన్న మొత్తాలు టికెట్ షాపులోనే ఇచ్చేస్తారు, పెద్దవైతే లాటరీ ఆఫీసుకో బ్యాంకుకో ఆధార్, పాన్ పట్టుకెళ్ళాలి. కోటి తగిలిందని కోటీ చేతికి రాదు, ఏజెంట్ కమిషన్ పోతుంది, మిగిలినదాంట్లో 30 శాతం టీడీఎస్ (ముందే పట్టేసుకునే ఇన్‌కమ్ టాక్స్) కోస్తారు, ఆపైన సర్‌ఛార్జ్ (టాక్స్ మీద అదనపు టాక్స్) వేరే.

ఇంకోటి, అక్కడ అమ్మేది పేపర్ టికెట్ మాత్రమే. ఆంధ్రాలో, తెలంగాణలో లాటరీ అమ్మకమే నిషేధం, కాబట్టి వాట్సాప్‌లో "కేరళ లాటరీ ఆన్‌లైన్" అని లింక్ పంపినోడు కచ్చితంగా దొంగే.