పీసీ గేమ్ కొన్న రోజే లాంచర్‌ను అదుపులో పెట్టుకోవడం ఎలా?

పీసీలో ఆట కొనడమంటే ఇప్పుడు డిస్కు ఇంటికి తెచ్చుకోవడం కాదు. స్టీమ్, ఎపిక్, ఈఏ యాప్, యుబీసాఫ్ట్ కనెక్ట్ వంటి ఏదో ఒక లాంచర్ మన కంప్యూటర్‌లో కాపురం పెడుతుంది. ఆటను దించేదీ, తెరిచేదీ, అనుమతి దొరకనప్పుడు తెరవనివ్వనిదీ అదే. ఈ అమరికను నా కంప్యూటర్లలోనూ, బంధుమిత్రుల కంప్యూటర్లలోనూ చాలాసార్లు చేశాను, ప్రతిచోటా ఒకే పొరపాటు చూస్తున్నాను. గోప్యత సెట్టింగ్‌లను కొద్దో గొప్పో సవరించుకుంటారు గాని, నెట్ లేనప్పుడు ఆట తెరుచుకుంటుందో లేదో నెట్ పోయిన రోజున గాని చూడరు. అప్పటికి డబ్బు వాపసు అడిగే గడువు దాటిపోయి ఉంటుంది. స్టీమ్‌లోనూ ఎపిక్‌లోనూ ఆ గడువు కొన్నప్పటి నుంచి 14 రోజులు, ఆడిన సమయం 2 గంటలలోపు ఉండాలి. కాబట్టి కింద చెప్పిన పని అంతా కొన్న రోజే ముగించాలి, ఆట మొదలుపెట్టడం ఆ తర్వాతి మాట.

కావలసినవి ఎక్కువేమీ లేవు: ఈ పనికి మాత్రమే వాడే ఒక ఈమెయిల్ చిరునామా, ఖాళీ ఉన్న ఒక బయటి హార్డ్ డిస్క్, గంటన్నర సమయం.

కొనే ముందు పేజీ కుడివైపు చూడండి

స్టీమ్‌లో ఆట పేజీ తెరిచినప్పుడు అందరి కళ్ళూ ట్రైలర్ మీదే ఉంటాయి. చూడవలసింది కుడివైపు సన్నని వరుస. ఆటకు వేరే సంస్థ కాపీ రక్షణ, అంటే కొననివారు ఆడకుండా అడ్డుకునే ప్రోగ్రామ్, ఉంటే ఆ సంగతి అక్కడ ఒక చిన్న గడిలో రాసి ఉంటుంది. డెనువో అనే కాపీ రక్షణ ఉన్న ఆటలలో చాలావాటికి, ఒక రోజులో ఐదు వేర్వేరు కంప్యూటర్లకు మించి ఆక్టివేట్ చేయడం కుదరదన్న షరతు కూడా ఆ గడిలోనే కనిపిస్తుంది. మరో సంస్థ ఖాతా తప్పనిసరి అయితే అదీ అక్కడే ఉంటుంది. కెర్నల్ స్థాయిలో పనిచేసే యాంటీ-చీట్, అంటే ఆటలో మోసం చేసేవారిని పట్టే ప్రోగ్రామ్, ఉంటే ఆ విషయం పేజీలో వెల్లడించాలని 2024 చివరి నుంచి స్టీమ్ నియమం పెట్టింది. కెర్నల్ అంటే విండోస్ గర్భగుడి వంటిది. అక్కడ నడిచే ప్రోగ్రామ్‌కు కంప్యూటర్‌లో కనిపించనిదంటూ ఉండదు. ఒంటరిగా ఆడుకునే ఆటకు అటువంటిది అవసరమైతే ఆ ఆట కొనవద్దు.

ఈ జాగ్రత్త అతి అనిపిస్తే జరిగిన సంగతులు గుర్తు చేసుకోండి. 2008లో స్పోర్ అనే ఆట సెక్యూరామ్ అనే కాపీ రక్షణతో వచ్చింది, మూడు కంప్యూటర్లకు మించి ఆక్టివేట్ కాదన్నారు. కొన్నవారు గగ్గోలు పెట్టాక దాన్ని ఐదుకు పెంచారు. 2010 మార్చిలో యుబీసాఫ్ట్ అనుమతి సర్వర్ల మీద దాడి జరిగినప్పుడు, డబ్బు పెట్టి కొన్నవారే అసాసిన్స్ క్రీడ్ 2 ఆడలేకపోయారు. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు సేఫ్‌డిస్క్ అనే మరో కాపీ రక్షణతోనూ, పాత సెక్యూరామ్‌తోనూ వచ్చిన ఆటల డిస్కులు పనిచేయడం మానేశాయి, ఎందుకంటే ఆ రక్షణల డ్రైవర్లు భద్రతకు ముప్పని మైక్రోసాఫ్ట్ వాటిని నిలిపివేసింది. 2014లో విడుదలైన ది క్రూ ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. దానిని ఒంటరిగా ఆడుకునే వీలు కూడా ఆ రోజుతో పోయింది. ఆట మన డిస్కులో పదిలంగా ఉన్నా, తాళం చెవి మాత్రం మరొకరి దగ్గర ఉండిపోయింది.

ఖాతా, సెట్టింగ్‌లు

ఇది సులువైన పని. వేరే ఈమెయిల్‌తో ఖాతా తెరవండి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి, కార్డు వివరాలు భద్రపరచమంటారా అని అడిగితే వద్దనండి, ఇతర సామాజిక మాధ్యమాల ఖాతాలను దీనికి కలపకండి. కంప్యూటర్‌తో పాటు లాంచర్ తనంతట తాను మొదలయ్యే ఏర్పాటును తీసేయండి, ఆడేటప్పుడు తెరిచి ఆడటం అయ్యాక పూర్తిగా మూయండి. కిటికీ మూలన ఉన్న అడ్డగుర్తు నొక్కితే లాంచర్ మూతపడదు, గడియారం పక్కన చిన్న బొమ్మగా కూర్చుని ఉంటుంది. అక్కడ కుడి బటన్ నొక్కి ‘ఎగ్జిట్’ అనాలి.

స్టీమ్‌లో ప్రొఫైల్ సవరించే చోట ప్రైవసీ సెట్టింగ్‌లకు వెళ్ళి, ‘గేమ్ డీటెయిల్స్’, స్నేహితుల జాబితా, ఇన్వెంటరీ మూడింటినీ ‘ప్రైవేట్’ చేయండి. ఏ ఆట ఎన్ని గంటలు ఆడామన్నది 2018 ఏప్రిల్ వరకు మనం దాచుకుంటే తప్ప అందరికీ కనిపించేది. ఆ తర్వాత మొదటి నుంచే దాచి ఉంచే పద్ధతి వచ్చింది గాని, పాత ఖాతాలు ఉన్నవారు స్వయంగా చూసుకోవడం మంచిది. హార్డ్‌వేర్ సర్వే అడిగితే నిరాకరించవచ్చు. ఒక్క మాట మరువకండి: ఈ సెట్టింగ్‌లు ఇతర ఆటగాళ్ళ నుంచి మనల్ని దాస్తాయి తప్ప, లాంచర్ నడిపే సంస్థ నుంచి దాచవు.

ఆ సంస్థ ఏమి చూడగలదన్నది ఒప్పందంలో ఉంటుంది. 2011లో ఈఏ సంస్థ ఆరిజిన్ లాంచర్ ఒప్పందంలో, కంప్యూటర్‌లోని ఇతర సాఫ్ట్‌వేర్ వివరాలను కూడా సేకరించే హక్కు రాసుకుందని గోల మొదలై, ముఖ్యంగా జర్మనీలో తీవ్ర వ్యతిరేకత రావడంతో ఆ మాటలను మార్చవలసి వచ్చింది. 2019లో ఎపిక్ లాంచర్, స్టీమ్ స్నేహితుల వివరాలున్న ఫైలును వాడుకరి ఒప్పుకోకముందే చదివి తన దగ్గర ఒక ప్రతి ఉంచుకుంటోందని ఆటగాళ్ళే కనిపెట్టారు. అనుమతి ఇచ్చాకే ఆ వివరాలు బయటికి పంపుతామని సంస్థ వివరణ ఇచ్చినా, అనుమతికి ముందు ఆ ఫైలు జోలికి వెళ్ళకూడదన్న విమర్శ సరైనదేనని ఒప్పుకుంది. అందుకే నా పద్ధతిలో లాంచర్లకు విండోస్‌లో వేరే యూజర్ ఖాతా, అదీ అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేనిది, తప్పనిసరి. మన పత్రాలు, ఫోటోలు, బ్రౌజర్ చరిత్ర ఉన్న ఖాతాలో ఆటలు ఉండకూడదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒకటి రెండుసార్లు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కొట్టవలసి వస్తుంది, ఆ మాత్రం శ్రమ పడవచ్చు.

నెట్ తీసి చూడడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ‘గో ఆఫ్‌లైన్’ అన్న బటన్ నొక్కి, ఆట మెనూ కనిపించగానే పని అయిపోయిందనుకుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. సుదీర్ఘమైన రైలు ప్రయాణానికి ముందు రాత్రి లాంచర్‌ను ఆఫ్‌లైన్‌లో పెట్టి, ఆట తెరుచుకోవడం కళ్ళారా చూసి, లాప్‌టాప్ మూత మూసి సంచిలో పెట్టుకున్నాను. మరునాడు రైల్లో తెరిస్తే, ‘ప్లే’ అని ఉండవలసిన చోట ‘అప్‌డేట్’ అని ఉంది. రాత్రి నేను ఆఫ్‌లైన్ నొక్కే ముందే కొత్త అప్‌డేట్ ఉన్న సంగతి లాంచర్‌కు తెలిసిపోయింది, దించుకోవడం మాత్రం పూర్తి కాలేదు. పాత వెర్షన్ చక్కగా పనిచేసేదే, అయినా దాన్ని తెరవడానికి ఒప్పుకోలేదు. రెండు రోజుల ప్రయాణంలో ఆ బటన్‌ను చూస్తూ కూర్చోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

కాబట్టి వరుస తప్పకుండా ఇలా చేయండి. ముందు నెట్ ఉండగానే లాంచర్ తెరిచి, పాస్‌వర్డ్ గుర్తుంచుకోమనే గడిలో టిక్ పెట్టి లాగిన్ అవ్వండి. ఆ టిక్ లేకపోతే ఆఫ్‌లైన్‌లో లోపలికే రానివ్వదు. డౌన్‌లోడ్ల పేజీకి వెళ్ళి అక్కడ ఏ అప్‌డేటూ మిగిలి లేదని చూడండి. ఆటను ఒకసారి తెరవండి. మొదటిసారి తెరిచినప్పుడే కాపీ రక్షణ సర్వర్‌ను అడిగి ఆ కంప్యూటర్‌కు అనుమతి తెచ్చుకుంటుంది, మరో సంస్థ ఖాతా అడిగేదీ అప్పుడే. పది నిమిషాలు ఆడి, ఒకచోట సేవ్ చేసి, ఆటనూ లాంచర్‌నూ పూర్తిగా మూయండి.

ఇప్పుడు నెట్ తీయాలి. ఇంట్లోని వైఫై ఆపితే చాలదు, ఎందుకంటే ఫోన్ హాట్‌స్పాట్‌కు కంప్యూటర్ తనంతట తాను అతుక్కోవచ్చు. విమానం మోడ్ కూడా చాలదు, అది వైర్‌లెస్‌ను మాత్రమే ఆపుతుంది గాని గోడ నుంచి వచ్చే కేబుల్‌ను ఆపదు. కేబుల్ చేత్తో పీకండి, వైఫై ఆపండి, ఫోన్‌లో హాట్‌స్పాట్ కూడా ఆపండి. కొందరు ఫైర్‌వాల్‌లో లాంచర్ పేరు అడ్డుకుని, అదే పరీక్ష అంటారు. అది పరీక్ష కాదు. ఒక్కో లాంచర్ వెనుక మూడు నాలుగు ప్రోగ్రామ్‌లు నడుస్తుంటాయి, వాటిలో ఒక్కటి తప్పించుకున్నా అనుమతి వచ్చేస్తుంది, మనం మోసపోతాం. పీకిన కేబుల్‌కు ఆ ప్రమాదం లేదు.

తర్వాత కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేస్తే సరిపోతుందనుకోకండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే, షట్‌డౌన్ చేసినా కొంత స్థితి డిస్కులో భద్రంగా ఉండి తిరిగి లేస్తుంది. రీస్టార్ట్ ఒక్కటే మొత్తం కొత్తగా మొదలుపెడుతుంది. మూత మూసి తెరవడం అసలే పనికిరాదు.

లాంచర్ తెరవండి. సర్వర్ దొరకలేదని చెప్పి, ఆఫ్‌లైన్‌లో కొనసాగమంటారా అని అడగడమో, నేరుగా లోపలికి వెళ్ళడమో జరగాలి. పాస్‌వర్డ్ అడిగితే పరీక్ష తప్పినట్టే. ఆట తెరిచాక మెనూ దగ్గర ఆగకండి. ఇందాక సేవ్ చేసిన చోటు నుంచి ఆట లోడ్ చేయండి, ఎందుకంటే కొన్ని ఆటలు మెనూ వరకు మర్యాదగా వచ్చి, లోడ్ చేయబోతే సర్వర్ కావాలంటాయి. అదనంగా కొన్న డీఎల్‌సీలు, అంటే ఆటకు చేర్చే అదనపు భాగాలు, ఉంటే వాటిలో ఒక్కటైనా కనిపిస్తోందో లేదో చూడండి. లోడ్ కాకపోతే ఆ క్షణమే నెట్ పెట్టుకుని వాపసు అడగండి, రెండు గంటల లెక్క ఇంకా దాటలేదు. రేపు చూద్దామనుకుంటే ఆడకుండా ఉండలేరు, గంటలు దాటిపోతాయి.

పరీక్ష నెగ్గినా ఆ అనుమతి శాశ్వతమనుకోకూడదు. డెనువో వంటి రక్షణ ఉన్న ఆటల అనుమతి ఆ కంప్యూటర్‌కు ముడిపడి ఉంటుంది. ప్రాసెసర్ మార్చినా, పెద్ద అప్‌డేట్ వచ్చినా, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ అనే ప్రోగ్రామ్ వెర్షన్ మార్చినా అది మళ్ళీ సర్వర్‌ను అడగవచ్చు. ప్రోటాన్ వెర్షన్లను వరుసగా మార్చి చూసేవారికి, ఉన్న కంప్యూటర్ ఒక్కటే అయినా, ఐదు కంప్యూటర్ల పరిమితి అయిపోయిందన్న సందేశం వస్తుంది. ప్రయాణానికి రెండు రోజుల ముందు కంప్యూటర్‌లో ఏదీ మార్చకండి. బయలుదేరే రాత్రి ఈ పరీక్ష మొత్తం మరోసారి చేయండి.

తిరిగి నెట్ పెట్టేటప్పుడు

ఆఫ్‌లైన్‌లో ఆడి వచ్చాక, క్లౌడ్‌లో ఒక సేవ్, డిస్కులో ఒక సేవ్ ఉన్నాయని, ఏది ఉంచమంటారని లాంచర్ అడగవచ్చు. తొందరలో క్లౌడ్ అని నొక్కితే ఆఫ్‌లైన్‌లో ఆడినదంతా చెరిగిపోతుంది. అందుకే కేబుల్ పెట్టకముందే సేవ్ ఫైళ్ళ ఫోల్డర్‌ను బయటి డిస్కులోకి కాపీ చేయండి. అది డాక్యుమెంట్స్‌లోనో, సేవ్డ్ గేమ్స్‌లోనో, యాప్‌డేటాలోనో ఉంటుంది. ఆ తర్వాతే నెట్ పెట్టి, తేదీ, సమయం చూసి ఎంచుకోండి.

ఆటను దాచుకోవడం

స్టీమ్‌లో బ్యాకప్ తీసుకునే సదుపాయం ఉంది గాని, దాన్ని తిరిగి ఎక్కించాలంటే మళ్ళీ స్టీమ్ కావాలి. అది డౌన్‌లోడ్ సమయం మిగుల్చుతుంది, అంతకుమించి కాదు. అయితే స్టీమ్‌లోని ఆటలన్నింటికీ రక్షణ ఉండదు, అది పెట్టాలా వద్దా అన్నది తయారీదారు ఇష్టం. లాంచర్‌ను పూర్తిగా మూసి, స్టీమ్‌యాప్స్ ఫోల్డర్‌లో కామన్ లోపల ఉన్న ఆట ఫోల్డర్‌కు వెళ్ళి, ఆట ఫైలును నేరుగా రెండుసార్లు నొక్కండి. స్టీమ్ లేవకుండా ఆట తెరుచుకుంటే, ఆ ఫోల్డర్‌ను అలాగే బయటి డిస్కులో దాచుకోండి.

అదే ఆట జీఓజీ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో దొరికితే అక్కడే కొనాలి. 2008 నుంచి వాళ్ళు కాపీ రక్షణ లేని ఆటలే అమ్ముతున్నారు, వాళ్ళ లాంచర్ లేకుండానే ఇన్‌స్టాలర్‌ను వెబ్‌సైట్ నుంచి దించుకోవచ్చు. ‘కొనండి’ అని చెప్పి లైసెన్సు మాత్రమే ఇస్తున్న సంగతిని అమ్మేవారు స్పష్టంగా చెప్పాలని 2025 నుంచి అమలులోకి వచ్చిన కాలిఫోర్నియా చట్టం కూడా, ఇలా శాశ్వతంగా దించుకుని నెట్ లేకుండా వాడుకోగలిగే వాటిని ఆ నిబంధన నుంచి మినహాయించింది. క్రాక్ చేసిన, అంటే ఎవరో రక్షణ తొలగించిన, ప్రతులు దించుకుంటే ఈ బాధ లేదు కదా అని నన్ను చాలామంది అడుగుతారు. అది చట్టవిరుద్ధం, తయారుచేసినవారి కష్టం దోచుకోవడం. పైగా లాంచర్ మన వివరాలు చూస్తుందని భయపడి, ఎవరో ముక్కూ ముఖం తెలియనివారి ప్రోగ్రామ్‌కు అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఇచ్చి కూర్చోవడమవుతుంది.

పెద్ద ఆటల ఇన్‌స్టాలర్ ఒక ఈఎక్స్‌ఈ ఫైలుగా, దాని వెంట కొన్ని బిన్ ఫైళ్ళుగా వస్తుంది. అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి, ఒక్కటి తగ్గినా ఎక్కదు. దించాక నెట్ తీసేసి, బయటి డిస్కు నుంచే ఒకసారి ఇన్‌స్టాల్ చేసి చూడండి. ఫోల్డర్ పేరులో ఆట పేరు, వెర్షన్, దించిన తేదీ రాయండి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు దాన్ని పక్కన చేర్చండి, అది సరిగ్గా ఎక్కుతుందని తేలేవరకు పాతదాన్ని తీసేయకండి.