రోడ్డు కారు డ్రాగ్ రేసుకు తట్టుకోవాలంటే ఏం చేయాలి? పాత మస్టాంగ్ ఉదాహరణగా

అమెరికాలో తక్కువ ఖర్చుతో డ్రాగ్ రేసింగ్ (నిలబడ్డ చోటు నుంచి తిన్నటి ట్రాక్ మీద కొద్ది దూరం పరిగెత్తించే పోటీ) మొదలుపెట్టాలనుకునేవాళ్లు తరచుగా ఎంచుకునే కారు, 1987 నుంచి 1993 మధ్య తయారైన ఫోర్డ్ మస్టాంగ్ 5.0. దాన్ని 'ఫాక్స్ బాడీ' అంటారు. బరువు తక్కువ, వీ8 ఇంజన్, వెనక చక్రాలు లాగే బండి, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకైతే ఎన్నిస్‌లో టెక్సస్ మోటర్‌ప్లెక్స్ అనే డ్రాగ్ స్ట్రిప్, అంటే డ్రాగ్ రేసు ట్రాక్ ఉండనే ఉంది. 1986లో మొదలైన ఆ స్ట్రిప్‌లో పావు మైలు పొడవునా కాంక్రీటే. అలాంటి చోట టైరు నేలను ఎంత గట్టిగా పట్టుకుంటుందో రోడ్డు మీద నడిపేవాళ్లకు ఊహకందదు. కారు విరిగేది ఆ పట్టు వల్లే.

మామూలు టైర్లతో ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే చక్రాలు గిర్రున తిరిగి జారిపోతాయి. ఆ జారుడే కారుకి ఫ్యూజు. గాడులు లేని మెత్తటి రేసు టైర్లు, అంటే స్లిక్స్ వేశారంటే ఫ్యూజు పీకేసినట్టే. ఇక ఆ బలమంతా యాక్సిల్ మీదో, గేర్‌బాక్స్ మీదో, బాడీ వెల్డింగుల మీదో పడాల్సిందే. చాలామంది ముందు ఇంజన్ పవర్ పెంచుతారు, తర్వాత టైర్లు కొంటారు, అన్నీ విరిగాక గట్టిదనం గురించి ఆలోచిస్తారు. నన్నడిగితే వరస తలకిందులు కావాలి: వెనక నుంచి ముందుకి గట్టిచేసుకుంటూ రండి, స్లిక్స్ ఆఖర్న కొనండి.

ఒక చిన్న లెక్క. 1987లో ఫోర్డ్ ప్రకటించిన టార్క్ (ఇంజన్ తిప్పే బలం) 300 పౌండ్-అడుగులు, అంటే దాదాపు 407 న్యూటన్ మీటర్లు. ఫస్ట్ గేరు నిష్పత్తి 3.35. వెనక యాక్సిల్లో చాలామంది వేయించుకునే గేరు 3.73. మూడూ గుణిస్తే 5,000 న్యూటన్ మీటర్లు దాటుతుంది, ఒక్కో వెనక చక్రం షాఫ్టుకి 2,500 పైమాటే. ఎక్కువ ఆర్‌పీఎంలో క్లచ్ పెడల్ మీంచి కాలు టక్కున తీసేస్తే ఫ్లైవీల్ (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం) తిరుగుడులో ఉన్న ఊపు కూడా దీనికి తోడవుతుంది.

ముందు ఉన్న కారుని ఉన్నట్టే పరిగెత్తించండి

ఏమీ మార్చకుండా ఒకసారి స్ట్రిప్‌కి తీసుకెళ్లి టైమ్ స్లిప్, అంటే రన్ సమయాల చీటీ తెచ్చుకోండి. అందులో మొదటి 60 అడుగులకి పట్టిన సమయం చూడండి. పట్టు ఎంతుందో, భాగాల మీద ఎంత ఒత్తిడి పడుతోందో తెలిపేది అదే. అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనలు కూడా మీ టైమ్‌ని బట్టే ఉంటాయి. పావు మైలు 13.99 సెకన్లలో గానీ అంతకన్నా వేగంగా గానీ దాటితే హెల్మెట్ తప్పనిసరి. 11.49 సెకన్ల దగ్గర రోల్ బార్ (కారు బోల్తాపడితే డ్రైవర్‌ని కాపాడే స్టీలు కమాను) అడుగుతారు. కొత్త మోడళ్లకి ఇచ్చే సడలింపులు ఇంత పాత కారుకి వర్తించవు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది రూల్‌బుక్ దగ్గర పెట్టుకుని పని మొదలుపెట్టండి.

బాడీ

ఫాక్స్ బాడీకి విడిగా ఛాసిస్ ఉండదు. ముందు ఒక సబ్‌ఫ్రేమ్, వెనక ఒక సబ్‌ఫ్రేమ్, మధ్యలో రేకు ఫ్లోరు. గట్టిగా లాంచ్ చేసిన, అంటే నిలబడ్డ చోటు నుంచి దూకించిన ప్రతిసారీ కారు మెలితిరుగుతుంది. ఆ రెండు ఫ్రేములనీ కలిపే స్టీలు గొట్టాలు, అంటే సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు వెల్డింగ్ చేయించండి. ఇక్కడ ఒక్క జాగ్రత్త: కారు బరువు చక్రాల మీద ఉండగానే వెల్డింగ్ జరగాలి. లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుండగా అతికిస్తే బాడీ ఆ వంకరలోనే బిగుసుకుపోతుంది.

అంతకన్నా ముఖ్యమైనవి టార్క్ బాక్సులు. వెనక యాక్సిల్‌ని పట్టుకునే కంట్రోల్ ఆర్ములు బాడీకి తగులుకునే చోట ఇవి ఉంటాయి. ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డింగుతో అతికించినవి కావడంతో స్లిక్స్ పట్టుకి చిరుగుతాయి. వెనక సీటు తీసి, కార్పెట్ ఎత్తి, టార్చి వేసి చూడండి. పెయింట్ మీద సన్నగీతలా పగులు కనిపిస్తే అక్కడ చిరగడం మొదలైపోయినట్టే. వీటికోసమే తయారైన బలపరిచే ప్లేట్లు దొరుకుతాయి. అవి పెట్టి చుట్టూ వెల్డింగ్ చేయించాలి. పాత కారు కొనేముందే ఈ చోటు చూసుకుంటే బేరంలో కూడా పనికొస్తుంది.

తర్వాత వీల్ హాప్. చక్రం పట్టుకుని, జారి, మళ్లీ పట్టుకుంటూ ఎగిరెగిరి పడటాన్ని అలా అంటారు. యాక్సిళ్లు ఎక్కువగా విరిగేది ఆ దెబ్బల వల్లే. దీనికి కారణం ముదిరిపోయిన రబ్బరు బుష్‌లు, వంగే పల్చటి కంట్రోల్ ఆర్ములు. రెండూ మార్చండి. యాక్సిల్ దగ్గర అడ్డంగా ఉండే చిన్న డ్యాంపర్లు ఫోర్డ్ దీనికోసమే పెట్టింది, అనవసరమని పీకేయకండి. వీల్ హాప్ మొదలైతే వెంటనే యాక్సిలరేటర్ వదిలేయండి, ఆ రన్ పోతే పోయింది.

వెనక యాక్సిల్

ఈ కార్లో ఉండేది 8.8 అంగుళాల యాక్సిల్. మంచిదే, కానీ షాఫ్టులు 28 స్ప్లైన్‌లవి, అంటే కొసన 28 పళ్లున్నవి. 31 స్ప్లైన్‌ల లావైన, మేలురకం స్టీలు షాఫ్టులు వేయండి, వాటికి సరిపడే డిఫరెన్షియల్ కూడా కావాలి. చూడ్డానికి తేడా కొంచెమే. అయితే మెలితిప్పుడు తట్టుకునే బలం వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, షాఫ్టు లావు పదోవంతు పెరిగితే బలం దాదాపు మూడోవంతు పెరుగుతుంది.

నాకు భయం కలిగించేది మాత్రం సీ-క్లిప్. షాఫ్టుని లోపల పట్టి ఉంచేది 'సీ' ఆకారంలో ఉన్న ఒక చిన్న ముక్కే. షాఫ్టు విరిగితే చక్రంతో సహా బయటికి జారిపోతుంది. 10.99 సెకన్లు, అంతకన్నా వేగమైన కార్లకి సీ-క్లిప్ తీసేసి చక్రం వైపు నుంచి షాఫ్టుని బిగించాలని ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధన ఉంది. స్లిక్స్ వేస్తుంటే 12 సెకన్లలో ఉన్నా చేయించుకోమనే అంటాను. హౌసింగ్ గొట్టాలు మధ్య పోత ఇనుములోకి బిగించి ఉంటాయి, బలానికి అవి తిరిగిపోతాయి. వాటినీ వెల్డ్ చేయించాలి. పోత ఇనుము వెల్డింగ్‌కి ముందు వేడిచేయాలి, నికెల్ రాడ్డు వాడాలి. అనుభవం ఉన్నవాళ్లకే అప్పగించండి.

షాఫ్ట్, క్లచ్, గేర్‌బాక్స్

ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు క్రాస్ (షాఫ్టుని గేర్‌బాక్స్‌కి కలిపే కీలు) విరిగితే షాఫ్ట్ కిందపడి కారుని ఎత్తి పడేయగలదు. ముందు క్రాస్ నుంచి ఆరు అంగుళాల లోపు, షాఫ్టుని చుట్టూ కప్పేలా స్టీలు లూప్ పెట్టించండి. అన్నిటికన్నా చవకైన పని ఇదే.

కార్లో వచ్చిన టీ-5 గేర్‌బాక్స్ సామర్థ్యం, 1990 తర్వాత వచ్చిన వాటిలో కూడా 300 పౌండ్-అడుగులే. అంటే ఇంజన్ ఇచ్చేదానికి బొటాబొటిగా సరిపోతుంది. స్లిక్స్ మీద మూడో గేరు పళ్లు రాలడం మామూలే. ట్రెమెక్ టీకేఎక్స్ లాంటిది 600 పౌండ్-అడుగులకి తయారైంది, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. గేర్లు మార్చే సరదా లేకపోతే ఆటోమేటిక్‌కి మారండి. అందులో క్లచ్ బదులు ఉండే టార్క్ కన్వర్టర్ దెబ్బని మెత్తబరుస్తుంది, యాక్సిళ్ల ఆయుష్షు పెరుగుతుంది.

ఫ్యాక్టరీ ఫ్లైవీల్ పోత ఇనుముది. ఎక్కువ ఆర్‌పీఎంలో పగిలితే ముక్కలు నేరుగా డ్రైవర్ కాళ్ల వైపే వస్తాయి. 1970 మార్చిలో లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో ట్రాన్స్‌మిషన్ పేలి పేరుమోసిన డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ కుడిపాదంలో కొంత భాగం పోయింది. ఆ తర్వాతే ఆయన ఇంజన్‌ని డ్రైవర్ వెనక పెట్టిన డ్రాగ్‌స్టర్‌ని (డ్రాగ్ రేసుకోసమే కట్టిన బండిని) గెలిచే బండిగా మార్చాడు. మనం ఇంజన్‌ని వెనక్కి జరపలేం కాబట్టి రేసు భాగాల భద్రతా ప్రమాణాల సంస్థ ఎస్‌ఎఫ్‌ఐ ముద్ర ఉన్న స్టీలు ఫ్లైవీల్, అదే ముద్ర ఉన్న బెల్‌హౌసింగ్ (క్లచ్‌ని కప్పే డొప్ప) వేసుకోవాలి.

ఇంజన్ గురించి ఒక్కమాటే. ఫ్యాక్టరీ 5.0 బ్లాక్ 500 హార్స్‌పవర్ దాటితే రెండుగా చీలుతుందని పేరుపడింది. అక్కడిదాకా వెళ్లకండి.

ఇండియాలో అయితే

ఇక్కడి రోడ్డు కార్లు ఎక్కువగా ముందు చక్రాలు లాగేవి. వాటిలో ముందు పోయేవి డ్రైవ్ షాఫ్టులు, వాటి కొసల్లో ఉండే సీవీ జాయింట్లు, ఇంజన్ మౌంట్లు. ముందు గట్టిచేయడం, ఆఖర్న స్లిక్స్ అనే వరస మాత్రం మారదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. కాబట్టి ఇలా మార్చిన కారుని రోడ్డు మీద తిప్పాలనుకోకండి, ట్రక్కు మీద ట్రాక్‌కి తీసుకెళ్లండి.

మొదటి రోజు స్ట్రిప్‌లో

వీల్ స్టడ్లు పొడుగువి వేసి, స్టడ్డు లావెంతో అంత మేర త్రెడ్లు నట్టు లోపల పట్టేలా చూసుకోండి. రేడియేటర్ పొంగితే పట్టడానికి డబ్బా ఉండాలి, కూలంట్ బదులు నీళ్లే పోయాలి. ట్రాక్ మీద కూలంట్ ఒలికించినవాణ్ని వెనక లైన్లో ఉన్నవాళ్లు ఆ రోజంతా గుర్తుపెట్టుకుంటారు. గాడులున్న టైర్లతో వెళ్తే వాటర్ బాక్స్‌ని (స్టార్ట్ లైన్‌కి ముందు స్లిక్స్ తడుపుకునే చోటుని) పక్కనుంచి దాటండి, లేకపోతే గాడుల్లో నీళ్లు స్టార్ట్ లైన్ దాకా వస్తాయి.

మొదటి రన్ తక్కువ ఆర్‌పీఎంలో లాంచ్ చేయండి. కారు తిరిగి రాగానే జాకీ ఎత్తి టార్క్ బాక్సులు, కంట్రోల్ ఆర్మ్ బోల్టులు, క్రాస్‌లు, వీల్ నట్లు చూడండి. బిగించిన ప్రతి బోల్టు మీదా పెయింట్‌తో గీత గీసి ఉంచితే, కదిలింది ఏదో చూడగానే తెలిసిపోతుంది. అంతా సరిగ్గా ఉంటే తర్వాతి రన్‌కి ఇంకో 500 ఆర్‌పీఎం పెంచండి. గీత జరిగిందంటే ఆ రోజుకి కారు ట్రైలర్ ఎక్కించేయండి.